చిన్న పరిశ్రమల ప్రశ్న విశ్వవిద్యాలయం దాకా చేరే దారి కావాలి

సంపాదకులకు నమస్కారములు.

విశాఖపట్నానికి రానున్న భారీ పెట్టుబడుల గురించి మీ పత్రిక కొంతకాలంగా విస్తారంగా రాస్తోంది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఇక్కడ కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ప్రకటించిన నాటి నుంచి, నగరంలో ఏ ఇద్దరు కలిసినా భూముల ధరల గురించో రానున్న ఉద్యోగాల గురించో మాట్లాడుకుంటున్నారు. ఆ రాకను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే 1926 ఏప్రిల్‌లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం శతాబ్ది ఉత్సవాలు కూడా ఈ కాలంలోనే వచ్చినందువల్ల, ఈ రెండు సందడుల మధ్య ఎవరి చర్చలోకీ రాని ఒక విషయాన్ని పాఠకుల ముందు ఉంచదలచుకున్నాను. ఈ నగరంలోనూ, చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఇప్పటికే నడుస్తున్న చిన్న పరిశ్రమలకు, చేతివృత్తులకు రోజూ ఎదురయ్యే సాంకేతిక ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన ప్రయోగశాలలూ పండితులూ ఇక్కడే ఉన్నారు. ఆ ప్రశ్నను చేతికి తీసుకొని, ఫలానా తేదీకి జవాబు ఇస్తామని రసీదు రాసిచ్చే చోటు మాత్రం చిన్న యజమానికి కనబడదు.

నేను గాజువాక ఆటోనగర్‌లో చాలాకాలంగా ఒక చిన్న ఇంజినీరింగ్ యూనిట్ నడుపుతున్నాను. లేత్, మిల్లింగ్ పనులు మా దగ్గర చేసి, లోహాన్ని వేడి చేసి చల్లార్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ బయట చేయించి, పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు సరఫరా చేస్తుంటాం. మాలాంటి వారికి వచ్చే ప్రశ్నలు నోబెల్ బహుమతి స్థాయివి కావు. అదే కొలత, అదే ఉక్కు, అదే మిషన్. నిన్నటిదాకా బాగున్న షాఫ్ట్ ఈరోజు కీవే అనే గాడి దగ్గర ఎందుకు విరిగింది? సముద్రపు గాలి తగిలే చోట బిగించిన బ్రాకెట్‌కు రంగు ఒక్క వానాకాలం కూడా ఎందుకు నిలవలేదు? కొనుగోలుదారు ఇచ్చిన డ్రాయింగులో ఉన్న గ్రేడు దొరకనప్పుడు దానికి బదులు ఏది వాడవచ్చు, వాడితే ఏ జాగ్రత్త తీసుకోవాలి? ఇలాంటి ప్రశ్నకు జవాబు తెలియక ఒక లాటు తిరస్కరణకు గురైతే, పెద్ద కంపెనీ లెక్కల్లో అది ఒక వరుసగా మిగిలిపోతుంది. మాకు ఆ నెల జీతాలు ఆగిపోతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్ల క్రితం మేము ఈఎన్ 24 అనే మిశ్రమ ఉక్కుతో చేసిన పిన్నులలో హీట్ ట్రీట్‌మెంట్ తరువాత సన్నని పగుళ్లు కనిపించాయి. వాటిని పట్టుకొని ఒక విద్యాసంస్థ ప్రయోగశాలకు వెళ్లాను. ముందుగా సంస్థ అధిపతికి లేఖ రాయమన్నారు. అది శాఖాధిపతికి వెళ్లాలన్నారు. డిమాండ్ డ్రాఫ్ట్ ఎవరి పేర తీయాలో తేల్చడానికి మరికొన్ని రోజులు పట్టింది. చివరకు నివేదిక వచ్చేసరికి ఆ ఆర్డరు వేరొకరికి వెళ్లిపోయింది. నివేదికలో తప్పేమీ లేదు. లోహపు సూక్ష్మ నిర్మాణం ఫొటోలు ఉన్నాయి, కాఠిన్యం అంకెలు ఉన్నాయి, మార్టెన్‌సైట్ (గట్టిపడిన ఉక్కులో ఏర్పడే నిర్మాణం) అనే మాట నాలుగైదు చోట్ల ఉంది. అయితే నేను రేపటి నుంచి ఏం మార్చుకోవాలో చెప్పే వాక్యం అందులో ఒక్కటీ లేదు. ఆ వాక్యాన్ని నాకు చెప్పినవాడు ఫర్నేసు దగ్గర పని చేసి రిటైరైన ఒక పెద్దాయన. పదునైన మూలను గుండ్రం చేయండి, నీళ్లలో కాక నూనెలో చల్లార్చండి, చల్లార్చిన ముక్కను రాత్రంతా వదిలేయకుండా వెంటనే టెంపరింగ్‌కు, అంటే పెళుసుతనం తగ్గేలా మళ్లీ తక్కువ వేడికి, పెట్టండి అన్నాడు. ఆయన చెప్పిన మూడూ లోహశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. ఆ ప్రయోగశాలలో నివేదిక రాసిన ఆచార్యులకు అవి తెలియవని నేను అనుకోను. అడిగినది పరీక్ష కాబట్టి పరీక్ష ఫలితం ఇచ్చారు. అడగవలసినది ఏమిటో నాకు తెలియదు, నేను ఎందుకు అడుగుతున్నానో వారికి తెలియదు.

ఈ అంతరం మొదటినుంచీ ఉన్నది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ నుంచి 1930లో వాల్తేరుకు తరలివచ్చిన తొలి సంవత్సరాల్లోనే స్థానిక అవసరాన్ని దృష్టిలో పెట్టుకొంది. నేటి కెమికల్ ఇంజినీరింగ్ శాఖ 1933లో చక్కెర సాంకేతిక శాస్త్ర విభాగంగా ప్రారంభమైంది. చెరకు పండే నేల పక్కన పెట్టిన విశ్వవిద్యాలయం చక్కెరతో చదువు మొదలుపెట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోను. నేటి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన విరాళంతో ఇక్కడ విజ్ఞాన కళాశాల నిలబడింది. ఆ తరువాత టి.ఆర్. శేషాద్రి రసాయన శాస్త్రంలోను, సి. మహదేవన్ భూగర్భ శాస్త్రంలోను తీర్చిదిద్దిన శిష్యులు దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. భీమునిపట్నం తీరంలోని నల్ల ఇసుక గురించి ఇక్కడి భూగర్భ శాస్త్రవేత్తలు పరిశోధించినప్పుడు, వారు తమ ఇంటి ముందున్న నేలను చదివారు.

పరిశోధన చిన్న పరిశ్రమగా మారిన సంఘటన విశాఖపట్నంలోనే మరొకటి ఉంది. దాని గురించి ఇక్కడివారికే సరిగా తెలియకపోవడం ఆశ్చర్యం. నేడు దేశమంతటా ఇళ్ల నిర్మాణంలో వాడుతున్న బూడిద ఇటుకల వెనుక ఫాల్-జి అనే సాంకేతికత ఉంది. ఫ్లైయాష్, సున్నం, జిప్సం అనే మూడింటి ఇంగ్లీషు పేర్ల నుంచి కూర్చిన పేరు అది. దానిని విశాఖపట్నంలోని ఇన్స్వారెబ్ అనే పరిశోధన సంస్థకు చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ రూపొందించారు. బూడిదలోని సిలికా, తడి సమక్షంలో సున్నంతో కలిసి గట్టిపడుతుంది. ఇది రోమన్ల కాలం నుంచి ఎరిగిన ధర్మమే అయినా, గట్టిపడడానికి చాలా రోజులు పట్టడం వల్ల ఇటుకల తయారీకి పనికిరాలేదు. జిప్సం చేర్చితే తొలి రోజుల్లోనే తగినంత బలం వస్తుందని, అందువల్ల ఇటుకను కాల్చకుండా, ఆవిరి ఒత్తిడి పెట్టకుండా, కేవలం నీళ్లతో తడుపుతూ ఉంచి తయారు చేయవచ్చని చూపడమే వారి కృషి. బట్టీ అక్కరలేదు, బొగ్గు అక్కరలేదు, పొలం మీది మంచి మన్నును తవ్వనక్కరలేదు. ఒక మిక్సర్, ఒక ప్రెస్, కొంత ఖాళీ స్థలం, నీళ్లు ఉంటే పది మందికి పని దొరుకుతుంది.

ఈ సాంకేతికతకు కావలసిన ముడిసరుకుల్లో చాలా వరకు విశాఖ పరిసరాల్లోనే వ్యర్థాలుగా దొరుకుతాయన్నది గమనించాలి. పరవాడ దగ్గర 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిద ఇస్తుంది, ఎరువుల కర్మాగారం ఫాస్ఫోజిప్సం (ఎరువుల తయారీలో మిగిలే జిప్సం) ఇస్తుంది, ఉక్కు కర్మాగారం స్లాగ్ (కొలిమిలో మిగిలే చిట్టెం) ఇస్తుంది. పెద్ద పరిశ్రమకు తలనొప్పిగా ఉన్న కుప్పలను చిన్న పరిశ్రమకు ముడిసరుకుగా మార్చే విద్య అది. దానికి ప్రభుత్వ నిబంధన కూడా తోడైంది. థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపల ఇటుకలు చేసేవారు బూడిదను కలిపి తీరాలని 1999లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. ఆ దూరాన్ని తరువాత పెంచుతూ పోయారు. ఫలితంగా దేశంలో వేలాది బూడిద ఇటుకల యూనిట్లు వచ్చాయి. ప్రపంచ బ్యాంకు ఈ ఇటుకల యూనిట్ల నుంచి కర్బన ఉద్గారాల తగ్గింపును కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఒక నగరంలో పుట్టిన ప్రయోగశాల జ్ఞానం ఇంతమంది చిన్న యజమానుల చేతికి చేరిన సందర్భాలు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు.

ఇందులో నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. ఈ పని జరిగింది ఒక స్వతంత్ర సంస్థలో; అంతటి వనరులున్న మన విశ్వవిద్యాలయాల్లో కాదు. పైగా ఆ ఇటుకల యూనిట్లకు ఇప్పుడు కొత్త ప్రశ్నలు ఉన్నాయి. లారీకీ లారీకీ బూడిద మారుతుంది. కాలకుండా మిగిలిన బొగ్గు ఎక్కువైతే ఇటుక బలం పడిపోతుంది. సున్నంలో శుద్ధ భాగం ఎంతో అమ్మినవాడు చెప్పడు. లంకెలపాలెం వైపు యూనిట్ నడుపుతున్న నా మిత్రుడొకరు బూడిదను వేళ్ల మధ్య నలిపి చూసి పాళ్లు నిర్ణయిస్తారు. అనుభవం మంచిదే, అయితే ఒక చిన్న పరీక్షతో, రంగు చూసి పోల్చుకునే ఒక పట్టికతో దానిని ఎవరికైనా నేర్పవచ్చు. ఎంటెక్ విద్యార్థి ఒకరు ఆరు నెలలు కూర్చుంటే తేలే పని అది. అలాంటి అంశాల మీద ఇప్పటికే సిద్ధాంత వ్యాసాలు ఉండి ఉండవచ్చు కూడా. దేశంలోని పరిశోధన గ్రంథాలు చాలా వరకు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తాయి. కాని ఇంగ్లీషులో రెండు వందల పేజీల గ్రంథాన్ని తెరిచి, తనకు కావలసిన పాళ్లు ఏ పేజీలో ఉన్నాయో వెతుక్కునే తీరిక ఇటుకల యజమానికి ఎక్కడిది?

వ్యవసాయంలో ఈ కొరత ఇంతగా లేదు. బాపట్లలో రూపొందించిన బీపీటీ 5204, మారుటేరులో రూపొందించిన ఎంటీయూ 7029 వరి రకాలు విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రాల నుంచి రైతు పొలానికి, అక్కడి నుంచి మనందరి కంచాల్లోకి వచ్చాయి. సాంబ మసూరి, స్వర్ణ అని పిలుచుకుంటూ మనం తినే అన్నం వెనుక పరిశోధన కేంద్రం ఒక్కటే లేదు. ఆ విత్తనాన్ని రైతుకు పరిచయం చేసిన విస్తరణ అధికారి, ప్రదర్శన క్షేత్రం, తెలుగులో అచ్చయిన కరపత్రం, ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమం ఉన్నాయి. రైతు అడిగిన ప్రశ్న మళ్లీ కేంద్రానికి చేరే దారి కూడా, ఎంత సన్నదైనా, ఉంది. చిన్న పరిశ్రమకు అలాంటి విస్తరణ వ్యవస్థ లేదు. జిల్లా పరిశ్రమల కేంద్రం రుణం, రాయితీ, అనుమతుల సంగతి చూస్తుంది. సాంకేతిక సమస్య దాని పని కాదు.

వ్యవసాయానికీ పరిశ్రమకూ సరిహద్దులో ఉన్న అనకాపల్లి బెల్లం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి ఒకటి. అక్కడి చెరకు పరిశోధన కేంద్రం 1913లో మొదలైంది. అంటే అది ఆంధ్ర విశ్వవిద్యాలయం కంటే వయసులో పెద్దది. చెరకు రకాల విషయంలో ఆ కేంద్రం చేసిన సేవ తక్కువేమీ కాదు. కాని చెరకు గానుగ దాటిన తరువాత ప్రశ్న వ్యవసాయం నుంచి రసాయన శాస్త్రంలోకి, ఇంజినీరింగ్‌లోకి మారుతుంది. కొనేవాడు బంగారు రంగు దిమ్మకు ఎక్కువ ధర ఇస్తాడు కాబట్టి వండేవాడు పాకంలో హైడ్రోస్ అనే గంధకం కలిసిన, రంగు తేల్చే రసాయనం వేస్తాడు. ఆ రంగు కొన్నాళ్లకు మళ్లీ నల్లబడుతుంది, గంధకం అవశేషం మాత్రం మిగులుతుంది. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ 70 పీపీఎం (పది లక్షల పాళ్లలో 70) మించకూడదని ఆహార భద్రత నిబంధన. తాను వండిన దిమ్మలో అది ఎంత ఉందో వండేవాడికి తెలిసే మార్గం లేదు. అధికారి నమూనా తీసి, అది పరిమితి మించిందని తేలితే నోటీసు వస్తుంది. నియమం ముందు వచ్చి, కొలిచే సాధనం తరువాత కూడా రాకపోతే, ఆ నియమం తనిఖీకి పనికివస్తుంది గాని తయారీ బాగుపడడానికి పనికిరాదు.

బెండ మొక్క కాండపు జిగురుతో పాకంలోని మడ్డి (మురికి) తీయడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే. ఏ మోతాదులో, ఏ వేడి దగ్గర వేస్తే హైడ్రోస్ లేకుండానే రంగు నిలుస్తుందో వివిధ కేంద్రాల్లో పరిశీలించారు కూడా. మిగిలినది దానిని కొప్పాక దగ్గరి పెనం ముందు నిలబడి చూపించడం. అలాగే పొయ్యి సంగతి. ఒకే పెనం ఉన్న పాత పొయ్యిలో వేడి చాలా భాగం పొగగొట్టం గుండా పోతుంది. పొయ్యిలో మండించే చెరకు పిప్పి చాలక విడిగా వంటచెరకు కొంటారు. పొగ పోయే దారిలో రెండో పెనం పెట్టి రసాన్ని ముందుగా వేడి చేస్తే పిప్పి మిగులుతుంది. మిగిలిన పిప్పి అమ్ముకోవచ్చు. మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులకు ఉష్ణ బదిలీ పాఠంగా ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదు. దీనికి బదులుగా వారు బజారులో కొన్న ప్రాజెక్టును సమర్పించి మార్కులు తెచ్చుకుంటున్న సంగతి అందరికీ తెలిసిందే.

చేతివృత్తుల విషయానికి వస్తే, ఏటికొప్పాక గ్రామపు లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చినందుకు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆటబొమ్మల నాణ్యతకు ఐఎస్ (భారతీయ) ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు 2021 జనవరి నుంచి అమలులోకి వచ్చినప్పుడు, నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకు మినహాయింపు ఇచ్చి మంచి పని చేశారు. అయితే మినహాయింపు దేశం లోపలే చెల్లుతుంది. విదేశానికి పంపాలంటే రంగులో సీసం, కాడ్మియం వంటివి లేవని పరీక్ష పత్రం అడుగుతారు. సహజ రంగు కాబట్టి సురక్షితమని మనం నమ్మితే సరిపోదు, కొనేవాడికి చూపాలి. ఆ బొమ్మలకు వాడే అంకుడు కర్ర దొరకడం కష్టమవుతున్నదన్నది మరో సమస్య. ఆ చెట్టును త్వరగా పెంచే పద్ధతి వృక్ష శాస్త్ర విభాగం చేపట్టదగిన అంశం. ఇవి రెండూ ఒక గ్రామానికి సంబంధించిన చిన్న ప్రశ్నలే. చిన్నవి కావడమే వాటికి శాపమైంది.

ఎందుకు ఇలా జరుగుతోంది? ఆచార్యులకు శ్రద్ధ లేదనడం సులభం, కాని అది న్యాయం కాదు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగోన్నతి అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయిన వ్యాసాల మీద, వాటికి వచ్చే ప్రస్తావనల మీద ఆధారపడి ఉంది. అనకాపల్లి పొయ్యిలో పిప్పి ఆదా చేసిన పనిని అచ్చు వేసే అంతర్జాతీయ పత్రిక అరుదు. మన దేశంలో విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే పద్ధతిలోనూ వ్యాసాలకు పెద్ద పాత్ర ఉంది. దీనికి తోడు బోధన పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాక, ఉన్నవారి మీద తరగతుల భారం పెరిగింది. ప్రయోగశాలలో పరికరం ఉన్నా దానిని నడిపే టెక్నీషియన్ ఉండడు. ఈ స్థితిలో ఉన్న మనిషి దగ్గరకు విరిగిన షాఫ్ట్ పట్టుకొని వెళితే ఆయన విసుక్కోవడంలో వింత లేదు.

మా వైపు లోపాలు కూడా చెప్పాలి. చిన్న యజమాని సమస్యను పూర్తిగా బయటపెట్టడు. తన పాళ్లు, తన వెండర్ పేరు పక్కవాడికి తెలిసిపోతాయని భయపడతాడు. సగం సమాచారం ఇచ్చి పూర్తి జవాబు ఆశిస్తాడు. పరీక్షకు రుసుము చెల్లించమంటే బేరమాడతాడు. దీనికి కొంత కారణం ఉంది. సరఫరా చేసిన సరుకుకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నా, బిల్లు పాసై డబ్బు చేతికి వచ్చేసరికి ఎంతకాలం పడుతుందో సరఫరాదారులందరికీ తెలుసు. జీతాలకే డబ్బు సర్దుకోవలసిన వాడికి పరిశోధన విలాసంగా కనబడుతుంది. పైగా పథకాల్లో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా అని ఒకే గాటన కట్టడం వల్ల కూడా నష్టం జరుగుతోంది. 2025 ఏప్రిల్ నుంచి అమలవుతున్న నిర్వచనం ప్రకారం పది కోట్ల రూపాయల టర్నోవరు ఉన్నవారూ సూక్ష్మ పరిశ్రమే, 500 కోట్ల వరకు ఉన్నవారు మధ్య తరహా పరిశ్రమ. ఈ వరుసలో పైన ఉన్నవారికి విశ్వవిద్యాలయంతో ఒప్పందం రాసుకునే సిబ్బంది ఉంటారు. బెల్లం వండేవాడికి, లేత్ షాపు వాడికి ఎవరున్నారు?

అంకుర సంస్థల కోసం పెట్టిన కేంద్రాల గురించి కూడా ఒక మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఇతర విద్యాసంస్థల్లో ఇంక్యుబేషన్ కేంద్రాలు వచ్చాయి, నగరంలో వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ వచ్చింది. కొత్త ఆలోచన ఉన్న యువతకు అవి అవసరమే. కాని అక్కడి భాష, అక్కడి ఫారాలు, పెట్టుబడిదారుల ముందు ఇచ్చే ప్రదర్శనలు, అన్నీ ఇంకా పుట్టని సంస్థ కోసం తయారైనవి. ఇరవై ఏళ్లుగా పది మందికి జీతాలిస్తున్న యూనిట్‌కు అక్కడ గది లేదు. పుట్టబోయే కంపెనీ మీద చూపే ఆదరంలో నాలుగో వంతు బతికి ఉన్న కంపెనీ మీద చూపినా చాలు.

ఇతర దేశాల్లో దీనికి మార్గాలు వెతికారు. అమెరికాలో 1862 నాటి చట్టంతో భూములు పొంది ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, 1914లో మరో చట్టం ద్వారా రైతుల వద్దకు వెళ్లి నేర్పే విస్తరణ బాధ్యతను అప్పగించారు. 1980లో చిన్న వ్యాపారాల కోసం కూడా అలాంటి కేంద్రాలను చట్టబద్ధం చేశారు. వాటిలో చాలా వాటికి నెలవు విశ్వవిద్యాలయమే, సలహాకు రుసుము ఉండదు. ఆ దేశపు నమూనాను ఇక్కడ అతికించమని నేను అనడం లేదు. వారు రైతు తరువాత చిన్న వ్యాపారి కూడా విశ్వవిద్యాలయానికి బాధ్యత అని గుర్తించడానికి అరవై ఏళ్లకు పైగా తీసుకున్నారని, మనం ఆ లెక్కన ఆలస్యం చేయనక్కరలేదని మాత్రమే చెబుతున్నాను.

విశాఖలో చేయదగినది నా దృష్టిలో ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయం చొరవ తీసుకొని, గీతం, ఐఐఎం, పెట్రోలియం సంస్థ, సాగర విశ్వవిద్యాలయ ప్రాంగణం, మత్స్య సాంకేతిక పరిశోధన కేంద్రం వంటి వాటిని కలుపుకొని, ఒక ఉమ్మడి ప్రశ్నల కార్యాలయం తెరవాలి. అది వాల్తేరు మెట్ట మీద కాక గాజువాకలోనో ఆటోనగర్‌లోనో ఉండాలి, ఎందుకంటే యూనిట్ వదిలి సగం రోజు నగరంలోకి రావడం ఒంటరి యజమానికి సాధ్యం కాదు. అక్కడ కూర్చోవలసిన వ్యక్తికి పెద్ద డిగ్రీ కన్నా వర్క్‌షాపు అనుభవం ముఖ్యం. షిప్‌యార్డ్, ఉక్కు కర్మాగారం, బీహెచ్‌పీవీ (భారీ లోహ పాత్రల కర్మాగారం) నుంచి రిటైరైన నిపుణులు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. పీహెచ్‌డీ లేకపోయినా పదిహేనేళ్ల వృత్తి అనుభవం ఉన్నవారిని ఆచార్యులుగా తీసుకోవడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో వీలు కల్పించింది. ఆ వీలును పెద్ద కంపెనీల అధికారులను అలంకారంగా పిలవడానికి కాక ఇలాంటి పనికి వాడవచ్చు. వచ్చినవాడి మాటలను ప్రయోగశాలకు అర్థమయ్యే ప్రశ్నగా మార్చడం, వచ్చిన ఫలితాన్ని యజమాని చేయవలసిన పనిగా తెలుగులో రాసి ఇవ్వడం ఆ వ్యక్తి బాధ్యత కావాలి. నా పిన్నుల నివేదికలో లేని వాక్యాన్ని రాయవలసినవాడు ఆయనే.

ప్రతి ప్రశ్నకూ కొత్త పరిశోధన అక్కరలేదు. చాలా వాటికి పుస్తకంలో ఉన్న జవాబు చాలు, కొన్నింటికి ఒక పరీక్ష చాలు. నిజంగా తెలియని కొద్ది ప్రశ్నలు మాత్రమే విద్యార్థికి సిద్ధాంత అంశాలుగా వెళ్లాలి. అలా వెళ్లిన అంశం మీద పని చేసిన విద్యార్థికి, మార్గదర్శకుడికి ఉద్యోగోన్నతిలో గుర్తింపు ఉండేలా విశ్వవిద్యాలయం తన నిబంధనల్లో రాసుకోవాలి. పీహెచ్‌డీకి ముందు వ్యాసం అచ్చయి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తొలగించింది కాబట్టి, పరిశోధక విద్యార్థి స్థానిక అంశం తీసుకోవడానికి ఉన్న భయం కొంత తగ్గింది. ఇంజినీరింగ్, విజ్ఞాన శాస్త్రాలు, వాణిజ్యం, ఆర్థిక శాస్త్రాల్లో వచ్చే ప్రతి సిద్ధాంత గ్రంథంతో పాటు రెండు పేజీల తెలుగు సారాంశాన్ని తప్పనిసరి చేయడానికి ఢిల్లీ అనుమతి అవసరమని నేను అనుకోను. ప్రయోగం విఫలమైతే ఆ సంగతి కూడా అందులో రాయాలి. పనికిరాని పాళ్లు ఏవో తెలిస్తే ఇటుకల యజమానికి ఒక లాటు మిగులుతుంది.

గోప్యత విషయంలో స్పష్టమైన నియమం ఉండాలి. యూనిట్ పేరు, దాని లెక్కలు బయటపెట్టరాదు. పరిష్కారం మాత్రం ఒక గడువు తరువాత అందరిదీ కావాలి. రుసుము విషయంలో మొదటి సంప్రదింపు ఉచితంగా, పరీక్ష ఖర్చు మాత్రమే యజమాని మీద ఉండేలా చూడాలి. ఈ కార్యాలయం నిర్వహణకు భారీ నిధులు అక్కరలేదు. ఇక్కడి పెద్ద కర్మాగారాలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే సొమ్ములో కొంత భాగం దీనికి రావచ్చు. వాటికి విడిభాగాలు సరఫరా చేసేది కూడా ఈ చిన్న యూనిట్లే కాబట్టి నాణ్యత పెరిగితే లాభపడేది మొదట అవే.

విశ్వవిద్యాలయం మరమ్మతుల దుకాణం కాదని, మౌలిక పరిశోధన దాని ధర్మమని కొందరు ఆచార్యులు అంటారు. వారి భయం నాకు అర్థమవుతుంది. ప్రతి శాఖనూ తక్షణ లాభం కోసం పరుగెత్తించడం మొదలైతే గణితం, చరిత్ర, తెలుగు ఏమైపోతాయన్న ప్రశ్న సమంజసమే. నేను అడుగుతున్నది అందరినీ కాదు. ఏ శాఖలో ఆసక్తి ఉన్నవారు ఉంటే వారికి తోవ, గుర్తింపు, కొంత సమయం ఇవ్వమంటున్నాను. బూడిద, సున్నం, జిప్సం కలిసి ఎందుకు గట్టిపడతాయన్నది మౌలిక ప్రశ్నా, ఇటుకల ప్రశ్నా అని విడదీయడం నావల్ల కాదు.

ఇదంతా ఒక్కసారిగా జరగదని తెలుసు. శతాబ్ది సందర్భంగా మొదటి అడుగుగా చేయగలిగిన పని ఒకటి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో ఏ ఏ పరీక్షలు చేయగలరు, ఒక్కొక్కదానికి రుసుము ఎంత, ఎన్ని రోజుల్లో ఫలితం ఇస్తారు, ఎవరిని కలవాలి అన్న వివరాలతో ఒక తెలుగు పట్టికను తయారు చేసి, ఆటోనగర్ కార్యాలయంలో, అనకాపల్లి మార్కెట్ యార్డులో, జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో అంటించాలి. దానికి కొత్త భవనం, కొత్త పోస్టు, కొత్త ఒప్పందం ఏదీ అక్కరలేదు. శాఖాధిపతులు ఒకరోజు కూర్చుంటే సరిపోతుంది. ఉపకులపతి గారు ఈ విషయాన్ని పరిశీలించాలని, అలాంటి పట్టిక వెలువడితే దానిని మీ జిల్లా పేజీల్లో పూర్తిగా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చిన్న ఇంజినీరింగ్ యూనిట్ యజమాని,
గాజువాక, విశాఖపట్నం.